రాజుకు నోరు లేని రోజు

అనగనగా సముద్రాన్ని ఆనుకుని కిన్నెర దేశమని ఒక రాజ్యం ఉండేది. దానికి ఒక రాజు ఉండేవాడు. కానీ పిల్లలూ, ఆ రాజు ఏలేవాడు కాదు. రాజై ఉండి ఏలకపోవడమేమిటని నవ్వకండి. చెబుతాను, వినండి.

పూర్వం ఆ దేశంలో ఒక మంచి రాజు కడుపున చెడ్డ కొడుకు పుట్టాడు. తండ్రి చల్లగా చూసుకున్న జనాన్ని కొడుకు పీల్చి పిప్పి చేశాడు. అప్పుడు జనమంతా ఏకమై ఒక కట్టడి చేసుకున్నారు. సింహాసనం రాజుది, పాలన సభది. సభలో ఎవరు కూర్చోవాలో జనమే తేల్చాలి.

ఊరికొక సభ్యుడు. ఎన్నిక నాడు ఊరి చావడిలో తెర చాటున రెండు కుండలు పెట్టేవారు. ఒకదాని మీద నాగలి బొమ్మ, ఇంకొకదాని మీద ఓడ బొమ్మ. నాగలి పక్షం రైతుల తరఫున మాట్లాడేది, ఓడ పక్షం వర్తకుల తరఫున మాట్లాడేది. పెద్దవాళ్లందరూ తలా ఒక గవ్వ తీసుకుని నచ్చిన కుండలో వెయ్యాలి. మనం ఇప్పుడు ఓటంటున్నామే, అదే ఆ గవ్వ. సభలో ఏ పక్షం వారు ఎక్కువైతే ఆ పక్షం నాయకుడే మహామంత్రి.

సభ చేసిన చట్టం మీద రాజు ఉంగరపు ముద్ర పడాలి. ముద్ర వేసే ముందు రాజు మూడు ప్రశ్నలు అడగవచ్చు. మూడింటికీ జవాబు చెప్పి సభ తన మాట మీదే నిలబడితే ముద్ర వెయ్యాల్సిందే.

ఇంకొక కట్టడి కూడా ఉంది. ఎన్నిక నాడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా రాజు నోరు విప్పకూడదు. ఆయన నోట ఒక్క మాట జారినా గవ్వలన్నీ అటే పడతాయని పెద్దల భయం.

ఈ కథ నాటికి రాజు సోమదత్తుడు. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న బిడ్డ. ఉప్పుపాలెం నుంచి వచ్చిన నూకాలమ్మ అనే దాది తన పాలిచ్చి పెంచింది. ఉప్పుపాలెం సముద్రపు గట్టుకు ఇవతల ఉన్న ఊరు. అక్కడందరూ మడుల్లో ఉప్పు పండించి బతికేవారు. రాజు పెద్దవాడయ్యాక నూకాలమ్మ తన ఊరికి తిరిగి వచ్చేసింది. అయినా ఏటా రాజు పుట్టినరోజున ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని కోటకు వెళ్లేది. నూకాలమ్మ కొత్త ఉప్పుతో రాజుకు దిష్టి తీసేది. ఎంత ప్రేమో చూడండి! ఆ ప్రేమే వాళ్ల కొంప ముంచింది.

ఒక ఏడు ఎన్నికా, రాజు పుట్టినరోజూ ఒక్కనాడే వచ్చాయి.

ముందుగా నాగలి పక్షం తరఫున పోటీలో ఉన్న అప్పలసూరి ఊరికి వచ్చి చేతులు జోడించాడు. "అమ్మలారా, అయ్యలారా! ఓడ పక్షం గెలిస్తే మీ గట్టు తెగ్గొట్టి రేవు కడతామంటోంది. ఈసారి పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. మీ ఒక్క ఊరు ఎటు మొగ్గితే సభ అటే. గవ్వ వేసి కదలండి" అన్నాడు.

"ఓరి పిచ్చి నాయనా, రాజు మా పాలు తాగి పెరిగినోడు. ఆయనుండగా మా గట్టు మీద చెయ్యేసే మొనగాడెవడు?" అని నూకాలమ్మ నవ్వింది. ఊరంతా నవ్వింది.

తరువాత చాటింపువాడు డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. "పొద్దు గూకితే కుండల మూతి కడతారహో! ఆనక వచ్చినవారి గవ్వ చెల్లదహో!" అని వీధి వీధీ తిరిగి అరిచాడు. జనం వింటూనే బళ్లకు పూలదండలు కట్టారు.

ఎన్నిక నాడు తెల్లవారుతూనే ఊరు ఖాళీ అయింది. బళ్లు కోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాళ్లను చూడగానే సోమదత్తుడి ముఖం పాలిపోయింది. ఇంతమందీ ఇక్కడే ఉంటే అక్కడ గవ్వలు వేసేదెవరు? అడుగుదామంటే నోరు విప్పకూడదు. ఆత్రంగా ఆకాశంలో సూర్యుణ్ణి చూపించాడు. వాళ్ల ఊరి దారి వైపు చెయ్యి చాపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశారర్రా, మనం ఎండలో వచ్చామని నా తండ్రి ఎంత బాధపడుతున్నాడో! పదండి, మజ్జిగ తాగి కాసేపు నీడపట్టున కూర్చుందాం" అంది నూకాలమ్మ. ఉప్పు తిప్పి దిష్టి తీసింది, మెటికలు విరిచింది. వాళ్లు తీరిగ్గా భోంచేసి ఊరు చేరేసరికి చీకటి పడింది. కుండల మూతులు కట్టేసి ఉన్నాయి.

ఆ రోజు ఊళ్లో మిగిలింది వర్తకుల కొట్లకు కాపలా ఉండేవాళ్లు మాత్రమే. వాళ్లు ఓడ కుండలో గవ్వలు వేసుకున్నారు. ఉప్పుపాలెం ఓడ పక్షానికి పోయింది. అప్పలసూరి చెప్పినట్టే జరిగింది. ఆ ఒక్క సభ్యుడి ఆధిక్యంతోనే ఓడ పక్షం గెలిచి, దాని నాయకుడు గుణనిధి మహామంత్రి అయ్యాడు. గుణనిధి దుర్మార్గుడేమీ కాదు. రేవు కడతానని జనానికి మాట ఇచ్చాడు, ఆ మాట నిలబెట్టుకోవాలనుకున్నాడు. చట్టం తెచ్చి రాజు ముందు పెట్టాడు.

"ఉప్పుపాలెం వారిని అడిగారా?" అన్నాడు రాజు.

"వారి సభ్యుడే చెయ్యెత్తాడు ప్రభూ" అన్నాడు గుణనిధి.

"రేవు ఇంకొక చోట కట్టలేరా?"

"ఓడలకు కావలసిన లోతు అక్కడే ఉంది ప్రభూ. ఇంకెక్కడా లేదు."

"మరి వాళ్లెలా బతుకుతారు?"

"కొండ దిగువన ఇళ్లూ పొలాలూ ఇస్తాం."

కొండ దిగువన ఉప్పు పండదు. ఆ సంగతి రాజుకూ తెలుసు. కానీ మూడు ప్రశ్నలూ అయిపోయాయి. ముద్రకు ఒక్క రోజు గడువు అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఈ కబురు తెలిసి నూకాలమ్మ పడుతూ లేస్తూ కోటకు వచ్చింది.

"నాయనా, ఆ ముద్ర వెయ్యకు. నీకు పాలిచ్చిన తల్లిని, నిన్ను నేనేనాడూ ఏమీ అడగలేదు. ఇదొక్కటే అడుగుతున్నా" అని కొంగు పరిచింది.

రాజు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, ఈవేళ నీకోసం నేను సభ మాట తోసేస్తే, రేపు నా కొడుకు తనకోసం తోసేస్తాడు. ఆ వెనకటి చెడ్డ రాజు రోజులే మళ్లీ వస్తాయి. అప్పుడు నీలాంటి తల్లులు ఎవరి దగ్గరికి పోతారమ్మా?"

"మరి ఆనాడే ఒక్క మాట చెప్పలేకపోయావా తండ్రీ?"

"ఆనాడు నాకు నోరు లేదమ్మా. ఈనాడు చెయ్యి లేదు. మీకు రెండూ ఉన్నాయనుకుని ధైర్యంగా ఉన్నాను."

నూకాలమ్మ పరిచిన కొంగు తీసి రాజు కళ్లు తుడిచింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇక్కడే. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు, అయినా ఒక ఊరు పోయింది.

మర్నాడు ముద్ర పడింది. గట్టు తెగింది. తాతల నాటి నుంచి కాళ్లతో తొక్కి చదును చేసుకున్న మడుల మీదికి సముద్రం వచ్చి నిలిచింది. జనం సామాన్లు బళ్లకెత్తుకుని కొండ దిగువకు నడిచారు. దారి పొడవునా పిల్లలు వెనక్కి తిరిగి చూశారు గానీ, పెద్దవాళ్లు చూడలేకపోయారు.

ఏళ్లు గడిచాయి. మళ్లీ ఎన్నిక వచ్చింది. అప్పటికి నూకాలమ్మకు కాళ్లు పడిపోయాయి. అయినా తెల్లవారక ముందే మనవల చేత మంచం మోయించుకుని వచ్చి, వరసలో అందరికన్నా ముందు చేరింది. కుండల దగ్గర కాపలా ఉన్న పెద్దమనిషికి ఆమెను చూసి జాలేసింది.

"ఎందుకమ్మా ఇంత అవస్థ? ఇప్పుడు గవ్వ వేస్తే మీ ఊరు తిరిగొస్తుందా?" అన్నాడు.

"రాదు బాబూ" అంది నూకాలమ్మ. "ఈ పిల్లలకి పోగొట్టుకోవడానికి ఇంకొక ఊరుంది కదా!"

కాబట్టి పిల్లలూ, మన చేతిలోని హక్కును మనం వాడుకోకపోతే, మనల్ని ప్రాణంగా ప్రేమించే రాజు కూడా మనల్ని కాపాడలేడు.