సంఖ్య చెప్పనిదే తలుపు తీయరు

చింతలకొండను ఏలిన విక్కిరాజుకు ఒకనాటి పొద్దున చిలకల మీదకు మనసు పోయింది. తన బిరుదులన్నీ మూడు వందల చిలకలు ఒక్క గొంతుతో పలకాలని ముచ్చట. చిలకలైతే వచ్చాయి గానీ వాటికి గది లేదు. కోటలో ఉన్న ఒక్క పెద్ద గదిలో ఏడు తరాల తాటాకు కట్టలున్నాయి. రాజాజ్ఞలు, ఒప్పందాలు, దానపత్రాలు అన్నీ అందులోనే.

ఆ కట్టలను చూసుకునేది తిమ్మాంబ. అత్తగారి చేతి నుంచి ఆమె చేతికి వచ్చిన పని అది. రోజూ నరసింహస్వామిని తలుచుకుని తలుపు తీసేది. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసేది, పురుగు పట్టకుండా మధ్యమధ్య వసకొమ్ములు పెట్టేది.

"అవ్వా, ఈ ఆకులు ఇంకెక్కడైనా పెట్టించు. నా చిలకలకు గాలి ఆడటం లేదు" అన్నాడు రాజు.

ఆమె నోరు తెరిచేలోపే గరుడాచలం పంతులు ముందుకొచ్చాడు. ఆయన కొలువులో చేరి ఆరు నెలలు కాలేదు, సభలో గొంతు మాత్రం ఆయనదే.

"ప్రభువులు రాజ్యం ఏలాలి గానీ ఆకులు మొయ్యాలా? నాకు అప్పగించండి. కొండ కింద రాతికొట్టు కట్టించాను. నా పూచీ మీద ఉంటాయి. కబురంపితే చాలు, కావలసిన ఆకు మీ ముందుంటుంది. కాకపోతే కొట్టు నియమాలు మాత్రం మనమిద్దరం ఒప్పుకుంటే తప్ప మారకూడదు."

రాజు మురిసిపోయి మాట ఇచ్చేశాడు. అంచున రాజముద్ర వేసిన శాలువా పంతులుకు కప్పి, మెడ దగ్గర తన చేత్తోనే ముడి వేశాడు. ఆ ముడిని పంతులు మళ్లీ విప్పలేదు. స్నానం కూడా దానితోనే కానిచ్చేస్తున్నాడని దాసీలు నవ్వుకునేవారు.

నలభై బళ్ల మీద కట్టలు వెళ్లిపోయాయి. కొట్టులో ఒక్కో కట్టకూ పంతులు ఒక్కో సంఖ్య వేయించాడు. ఖాళీ గదిలోకి చిలకలు వచ్చాయి. తిమ్మాంబకు వాటికి జామకాయలు కోసే పని పడింది.

ఇంతలో ఆరుద్ర కార్తె వచ్చింది. ఏటా ఆ కార్తె వెళ్లేలోపు తూము ఒప్పందం రాసిన ఆకు చూపిస్తేనే ఎగువ రాజ్యం వాళ్లు కాలవకు నీళ్లు వదులుతారు. తాతల నాటి ఏర్పాటు. కార్తె రేపటితో ముగుస్తుందనగా రైతులు కోట ముందు కూర్చున్నారు. నారుమళ్లు నెర్రెలు విచ్చాయి. రాతికొట్టుకు ఎన్ని కబుర్లు పంపినా ఒకటే జవాబు, "సంఖ్య చెప్పండి" అని. సభలో ఆ మాట రోజూ విని విని చిలకలు బిరుదులు మానేసి దాన్నే పట్టుకున్నాయి.

చివరికి రాజే బయలుదేరాడు, భుజాన ముద్దుల చిలకతో. వెంట తిమ్మాంబ.

"అవ్వా, ఈ ఏడు పంట పోతే జనానికి నా మొహం ఎలా చూపించను? ఆ ఆకు తెచ్చిపెట్టు, అడిగింది ఇస్తాను" అన్నాడు దారిలో.

రాతికొట్టు గుమ్మం మీద నియమాలు చెక్కి ఉన్నాయి. రాజముద్ర ఉన్న ప్రతిదీ లోపలికి చేరాలి. వచ్చింది వచ్చినట్టే ఉంచాలి, ముడి విప్పరాదు. లోపల దీపం పెట్టరాదు. సంఖ్య చెప్పనిదే ఏదీ బయటికి రాదు. తలుపుకు అటూ ఇటూ పంతులు భటులు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు.

"సంఖ్య చెప్పండి" అన్నాడు గరుడాచలం.

"సంఖ్యల జాబితా ఏది బాబూ?" అంది తిమ్మాంబ.

"దాని మీదా రాజముద్ర ఉంది కదమ్మా. లోపల భద్రంగా ఉంది."

"జాబితా సంఖ్య?"

"జాబితాలో ఉంది."

"పోనీ, నన్ను లోపలికి వెళ్లనివ్వండి. నీళ్ల ఆకులకు మా అత్తగారు నత్తగుల్ల కట్టేవారు, భూముల ఆకులకు చింతగింజ. చీకట్లో కూడా తడిమి తెస్తాను."

"గుల్లలు చూసి ఇవ్వడానికి ఇదేమైనా సంతా? నియమం నియమమే."

రాజు దిగులుగా తల ఊపాడు. "మాట ఇచ్చాను అవ్వా. అతను ఒప్పుకోనిదే నేను మార్చలేను."

తిమ్మాంబ కాసేపు గుమ్మం మీది రాతలు చదివింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీ నియమం అందరికీ ఒకటేనా పంతులుగారూ?"

"నా కన్నతండ్రికైనా మినహాయింపు లేదు. తప్పితే ఈ భటుల కొలువు ఊడుతుంది."

"అయితే పాపం వీళ్ల కొలువు పోయేలా ఉంది. మీ శాలువా మీద రాజముద్ర ఉంది. ఇంకా బయటే ఉంది."

భటులు శాలువా వంక చూశారు. పంతులు గాభరాగా ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పకండి బాబూ" అంది తిమ్మాంబ. "వచ్చింది వచ్చినట్టే ఉంచాలి."

భటులు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇళ్లలో పిల్లలున్నవాళ్లు. చెరో రెక్కా పట్టుకుని పంతులును లోపల పెట్టి తలుపు వేశారు.

"తలుపు తీయండిరా, చెబుతున్నది నేను" అని లోపలి నుంచి అరుపు.

భటులు తిమ్మాంబ వైపు తిరిగారు.

"దస్తావేజు మాట్లాడటం ఏడు తరాలుగా మా ఇంట ఎవరూ వినలేదు నాయనా. గాలి అయి ఉంటుంది."

"అవ్వగారూ, మీకు పుణ్యముంటుంది. జాబితా నా కాలి కిందే ఉంది."

"అందులో చూసి మీ సంఖ్య చెప్పండి మరి."

"చీకటిగా ఉందమ్మా. దీపం పెట్టకూడదు కదా."

రాజు నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని రాతిమెట్టు మీద కూలబడ్డాడు. లోపలి గొంతు నీరసంగా వినపడింది.

"ప్రభూ, నేను ఒప్పుకుంటున్నాను. నియమాలన్నీ కొట్టేయండి."

"నేనూ ఒప్పుకున్నాను" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

తలుపు తీశారు. తిమ్మాంబ స్వామిని తలుచుకుని చీకట్లోకి వెళ్లింది, రెండు తమలపాకులు నమిలేంతలో నత్తగుల్ల కట్టిన ఆకుతో వచ్చింది. గుర్రపురౌతు దాన్ని అందుకుని ఎగువకు దౌడు తీశాడు.

"ఏం కావాలో కోరుకో అవ్వా."

"నా గది నాకు ఇప్పించండి ప్రభూ. బళ్లు ఇవాళే మళ్లించండి."

"ఇచ్చాను. మరి నా చిలకలు?"

"ఈ కొట్టు ఖాళీ అవుతుందిగా. పంతులుగారి పూచీ మీద ఇక్కడ ఉంటాయి."

అప్పుడే శాలువా సర్దుకుంటూ గరుడాచలం గడప దాటబోయాడు. రాజు భుజం మీది చిలక మెడ చాచి, ఆయన్ను ఎగాదిగా చూసి అంది.

"సంఖ్య చెప్పండి."