గంటయ్య పిలవని పిలుపు

ఏళ్ళు లెక్కపెట్టడం ఇంకా ఎవరికీ రాని రోజుల్లో, గోదారి నడుమ ఒక లంక ఉండేది. ఆ లంకలో గంటయ్య అనే పశువుల కాపరి ఉండేవాడు. ఊరి గేదెలన్నీ అతనే కాసేవాడు. తనదంటూ ఉన్న గేదె మాత్రం ఒక్కటే. దాని పేరు మబ్బు.

మబ్బు దూడగా ఉన్నప్పుడు వరదలో కొట్టుకొచ్చింది. గంటయ్య తన గంజిలో సగం పోసి పెంచాడు. ఏనుగులా పెరిగింది గానీ, నీళ్ళంటే దానికి భయం పోలేదు. మిగతా గేదెలు ఏట్లో దిగి కళ్ళు మూసుకుంటే, మబ్బు గట్టునే నిలబడేది. గంటయ్య ముందు దిగి, చెయ్యి చాపి, "రా తల్లీ, నేనున్నాగా" అనేవాడు. అప్పుడు ఒక కాలు పెట్టేది. మళ్ళీ "నేనున్నాగా" అంటే రెండో కాలు. మూడోసారి అంటే గానీ ఒళ్ళు తడిపేది కాదు.

"నీళ్ళకి జడిసే గేదెని నీ దగ్గరే చూశాం గంటయ్యా" అని ఊరు నవ్వేది. గంటయ్యా నవ్వేవాడు.

ఒక శ్రావణమాసంలో గోదారి ఎర్రగా పొంగింది. ఊళ్ళో చాలామంది పడవల్లో దాటారు. వాళ్ళు గట్టున దిగాక ఆ పడవలూ కొట్టుకుపోయాయి. చివరింటి కప్పు మీద ముసలి సూరమ్మ, ఆమె మొగుడు, కడుపుతో ఉన్న కోడలు పైడితల్లి మిగిలిపోయారు.

గట్టు మీంచి అది చూసి గంటయ్య నీళ్ళలోకి దిగాడు. "రా తల్లీ, నేనున్నాగా." మబ్బు వణుకుతూ దిగింది. ఆ ఇంటి దాకా, మళ్ళీ గట్టు దాకా అతను ముందు ఈదుతూ పిలిచాడు. సూరమ్మ దాని తోక పట్టుకుని గట్టెక్కింది. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ పిలిచాడు. ముసలాయన గట్టెక్కాడు.

మూడోసారి పైడితల్లి కదల్లేదు.

"నాకు భయం, బాబాయ్."

"దానికీ భయమేనమ్మా. అయినా వస్తోంది చూడు."

ఆమె తోక పట్టుకుంది. నడి ఏట్లో ఒక దుంగ వచ్చి గంటయ్య భుజాన్ని కొట్టింది. చెయ్యి పడిపోయింది. అతను వెనకబడ్డాడు. "మబ్బూ" అన్నాడు, అలవాటు కొద్దీ. మబ్బు వెంటనే వెనక్కి తిరిగింది. పైడితల్లి గొంతు దాకా నీళ్ళొచ్చాయి.

"బాబాయ్, ఇది నీ దగ్గరకే వస్తోంది!"

గంటయ్య చూశాడు. ఇంకొక్క మాట అంటే చాలు, అది వచ్చేస్తుంది. వస్తే ముగ్గురూ మునుగుతారు. పిలవాలని గొంతు దాకా వచ్చింది. నోరు మూసుకున్నాడు.

మబ్బు చెవులు నిక్కించి ఆగింది. పిలుపు రాలేదు. మళ్ళీ ఆగింది. రాలేదు. అప్పుడు గట్టు మీద జనం కేకలు విని అటు ఈదింది. పైడితల్లి గట్టెక్కింది. గంటయ్య ఎక్కలేదు.

మూడు రోజులు మబ్బు నీళ్ళ అంచునే నిలబడింది. పైడితల్లి గడ్డి తెచ్చి పెట్టింది, కుడితి తెచ్చి పెట్టింది, మెడ పట్టుకుని ఏడ్చింది. అది దేన్నీ ముట్టలేదు. మూడో రోజు పొద్దున, ఎవరూ పిలవకుండానే, తనంతట తానే ఏట్లో దిగింది. మరి కనబడలేదు.

పైడితల్లికి కొడుకు పుట్టాడు. గంటయ్య అనే పేరు పెట్టారు.

ఇప్పటికీ ఆ లంక రేవులో పడవ నడి ఏటికి వచ్చేసరికి పాడేవాళ్ళు పాట ఆపేస్తారు. మాట్లాడేవాళ్ళు మాట ఆపేస్తారు. ఏడ్చే బిడ్డకి తల్లి రొమ్మందిస్తుంది. కొత్తవాళ్ళు ఎందుకని అడిగితే, పడవవాడు పెదవి మీద వేలుంచి ఊరుకుంటాడు. అవతలి గట్టు చేరాక చెబుతాడు, అక్కడ గంటయ్య పిలవకుండా ఉండిపోయాడని.