ముఖవర్ణన లేని సువార్త

పూర్వం రోమక చక్రవర్తుల శాసనం సముద్రతీరాలన్నింటా చెల్లుతున్న కాలంలో, సిరియా దేశంలో ఒరోంతు నదీతీరాన, నాడి పట్టి రోగం చెప్పడంలో దిట్టయై, రెల్లు కలం పట్టితే ముత్యాల కోవ వంటి అక్షరాలు రాసే థెయోనసుడనే వైద్యశిఖామణి ఉండేవాడు. కరుణాసముద్రుడైన ప్రభువు పరమపదానికేగిన నలభై ఏళ్లకు పుట్టిన ఆ పుణ్యాత్ముడు, ఆయన దివ్యచరిత్రను విని పరవశించి, ఆయనను కళ్లారా చూసినవారి నోట విన్నదే తప్ప ఒక్క అక్షరమూ కల్పించనని వ్రతం పట్టి, పన్నెండేళ్లు ఊరూరా తిరిగి వృద్ధుల పాదాల చెంత కూర్చుని సువార్త రాశాడు.

అన్నీ దొరికాయి. ఆయన పలికిన పలుకులు దొరికాయి, నడిచిన దారులు దొరికాయి. ముఖం ఎలా ఉండేదని అడిగితే మాత్రం ఆ వృద్ధులు అది మాటలకందదంటూ కంటతడి పెట్టుకునేవారు. "ఇంత ఆలస్యంగా ఎందుకు పుట్టించావు స్వామీ! ఒక్కసారి చూసి ఉంటే చాలునే!" అని థెయోనసుడు వెక్కివెక్కి ఏడ్చేవాడు. గ్రంథపుచుట్టలో ఆ ముఖం కోసం జానెడు చోటు ఖాళీగా ఉంచుకున్నాడు.

ఆ వృద్ధులందరూ ఒక్కొక్కరే గతించగా, ప్రభువును ఎరిగినవారిలో మిల్కమ్మ అనే ముదుసలి ఒక్కతే మిగిలిందని, గలిలయ సరస్సు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ బతుకుతోందని విని, ఆ మహనీయుడు పరుగుపరుగున వెళ్లేసరికి ఆమె తీవ్రజ్వరంతో చాపమీద పడి ఉంది.

"అమ్మా! ప్రభువు ముఖం ఎలా ఉండేది?"

"ఎన్నాళ్లనాటి మాట నాయనా! గొంతు పిడచగట్టుకుపోతోంది, కాసిని నీళ్లియ్యి."

"ఇస్తాను తల్లీ, ఒక్క క్షణం. కళ్లు ఎలా ఉండేవో అదొక్కటి చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది.

దప్పిగొన్నవారికి నీళ్లిస్తే నాకిచ్చినట్లేనని ప్రభువు చెప్పిన మాటను మొన్ననే వంక లేకుండా రాసుకున్న మహానుభావుడు, ఎదుట దాహమంటున్న ముసలమ్మను ఆగమన్నాడు! ఆ సంగతి తెలిసొచ్చేసరికి థెయోనసుడికి తల కొట్టేసినట్లయింది. కలాన్ని చూరులో దోపి, కషాయం కాచి, యవల గంజి వార్చి, ఏడు దినాలు కంటికి రెప్పలా ఆమెను కాచుకున్నాడు. ఆమెతోపాటే ఆ ముఖమూ మాసిపోతుందని తెలిసి గుండె కోసుకుపోతున్నా, ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఎనిమిదో నాటి ఉదయం, ఆమె తల కింద అరచెయ్యి ఉంచి మెల్లగా ఎత్తి నీళ్లు పడుతుండగా, మిల్కమ్మ కళ్లు తెరిచి బొటబొటా కన్నీళ్లు కార్చింది.

"ఏమ్మా, నొప్పిగా ఉందా?"

"కాదు నాయనా. నాకు ఏడేళ్లప్పుడు ఇట్టాగే జ్వరమొచ్చింది. ఆయన మా ఇంటికొచ్చి, ఇట్టాగే తల కింద చెయ్యి పెట్టి నీళ్లు తాపాడు. ముఖం చూద్దామంటే నా కళ్లు తెరుచుకోలా. ఆ చెయ్యొక్కటే ఎరుగుదును. మళ్లీ ఒక్కసారి ఆ చెయ్యి తగిలితే చాలని ఎనభై ఏళ్లు ఎదురుచూశాను. ఇయ్యాళ తగిలింది."

చూడలేదని ఏడ్చినవాడు తానొక్కడే కాదని థెయోనసుడు అప్పుడు తెలుసుకున్నాడు. తన చేతిని చూసుకుని, ఆమె పాదాలమీద వాలి తనివితీరా ఏడ్చాడు.

మిల్కమ్మ కోలుకుని మళ్లీ వలల ముందు కూర్చున్న నాడు, అతడు చూరులోని కలం తీసి, ఖాళీగా ఉంచిన ఆ జానెడు చోట "ఆయన ఆమె తల ఎత్తి నీళ్లు తాగించెను" అని రాసి, చుట్ట చుట్టి దారంతో కట్టాడు.

ఈ కథను చదువబూనినవారు, ఇంట్లో ఎవరికైనా దాహమైతే ముందు లేచి నీళ్లిచ్చి, పిమ్మట పారాయణకు కూర్చుందురు గాక!