మిరియం పిలిచిన పేరంటం

రండర్రా, కాళ్ళు కడుక్కున్నారా? పండూ, ఆ దిండు ఇలా తే, అది చెల్లిది. ఊఁ కొట్టేవాళ్ళకే కథ, గురక పెట్టేవాళ్ళకి లేదు, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఎంతనుకున్నారు? నాలుగంటే నాలుగే ఇళ్ళు! ఆ దేశపు రాజు ఏటికి అడ్డంగా కట్ట కట్టిస్తే నాలుగు పల్లెలు నీళ్ళలో మునిగిపోయాయి. జనం తలో దిక్కూ పోయారు. పల్లెకొక్క కుటుంబం మాత్రం బండి కట్టుకుని ఈ కొత్త చోటికొచ్చింది. నాలుగు బళ్ళూ ఒక్కరోజే దిగాయి. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, గొడవంతా అక్కడే ఉంది.

రాజు తలా ఓ చెక్క పొలం ఇచ్చి ఒక మెలిక పెట్టాడు. పౌర్ణమి నాటికి నారుమడి పచ్చగా కనపడాలి. లేకపోతే పొలం వెనక్కిచ్చేసి మళ్ళీ బండెక్కాలి. మళ్ళీ బండెక్కి ఎక్కడికి పోతారర్రా, ఊరు నీళ్ళలో ఉంటే?

ఇక ఆ నాలుగిళ్ళల్లో ఒకింటి కోడలు వరాలు. కొత్త కోడలు, పీచులాంటి మనిషి, మొండిఘటం. మొగుడు బండిలోంచి సామాను దింపుతూ కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. పొలం భారం వరాలు నెత్తినే పడింది. దాని వెనకాలే తిరిగే కుక్కపిల్ల ఒకటుండేది. నల్లగా, చిన్నగా ఉంటుందని మిరియం అని పేరు పెట్టారు. ఊఁ కొడుతున్నారా? ఆఁ, అదీ!

నాలుగిళ్ళకీ కలిపి బావి ఒకటి, ఏతం ఒకటి. ఏతమంటే పొడుగాటి దూలం. ఒకళ్ళు దాని మీద ముందుకీ వెనక్కీ నడిచి తొక్కాలి, ఒకళ్ళు బాన ముంచి నీళ్ళు పొయ్యాలి, ఒకళ్ళు కాలవలో నీళ్ళు మళ్ళించాలి. ముగ్గురుంటే గానీ చుక్క నీరు మడికి చేరదు. మరి ముగ్గురేరీ? నాలుగిళ్ళవాళ్ళూ మొహాలు చూసుకోరు కదా!

ఎందుకంటే, ఆ నాలుగు పల్లెల్లోనూ ఆచారం ఒకటే. కొత్తగా వచ్చినవాళ్ళని పాతవాళ్ళు బొట్టుపెట్టి పిలవాలి. పిలవకుండా కొత్తవాళ్ళు ఒకరి గడప తొక్కకూడదు. బాగానే ఉంది. కానీ అందరూ ఒక్కరోజే దిగారే, ఇందులో పాతవాళ్ళెవరు? ఎవరికి వాళ్ళు మేమే కొత్త, వాళ్ళే పిలవాలి అని కూర్చున్నారు. పిలుపు రాలేదు. ఎంత పొగరో చూడు అని వీళ్ళు, ఎంత మిడిసిపాటో చూడు అని వాళ్ళు. తలుపులేసుకుని కుళ్ళుకోవడం!

వరాలు అత్తగారు మరీనూ. పిలుపు రాకుండా నువ్వు ఎవరి గడపైనా తొక్కినా, ఎవర్నైనా పిలిచినా నా కొడుకు మీద ఒట్టే అంది. పాపం, వరాలు ఏం చేస్తుంది? ఒక్కతే ఏతమెక్కి తొక్కేది, దిగొచ్చి బాన ముంచేది, కాలవకి పరుగెత్తేది. అది వెళ్ళేసరికి నీళ్ళు నేలే తాగేసేది. అరచేతులు బొబ్బలెక్కాయి. నారు పసుపుపచ్చబడింది. పౌర్ణమి ఇంక ఆరు రోజులు. అయినా వరాలు పళ్ళు బిగించింది. ఆకాశం ఊడిపడనీ, ఈ మడి ఎండనివ్వను, మళ్ళీ బండెక్కను అనుకుంది.

ఇంతలో ఒక సంగతి కనిపెట్టింది. రోజూ పొద్దున్నే మిరియం ఎటో పోయి, పొట్ట డోలులా చేసుకుని పొలానికొస్తోంది. ఇంట్లో పెట్టింది కాదే! ఇదేదో ఇంటింటా తిరుగుతోంది, తలుపులేసుకున్న మహాతల్లులే దీనికి పెడుతున్నారు. అదేనర్రా, మనుషులకి పిలుపు కావాలి గానీ కుక్కకెందుకూ?

మర్నాడు పొద్దున్న వరాలు కుంకం తీసి మిరియం నుదుట ఇంత బొట్టు పెట్టింది. మెడలో పసుపు కొమ్ము కట్టింది. పోవే, నీ దారిన నువ్వు పో అని వదిలి, తను పొలానికి పోయి ఏతమెక్కింది. గడప తొక్కలేదు, ఎవర్నీ పిలవలేదు. ఒట్టు ఒట్టులాగే ఉంది!

మిరియం మొదట పక్కింటి పేరమ్మ వాకిట్లోకి పోయింది. పేరమ్మ గంజి పొయ్యబోయి బొట్టు చూసింది. అమ్మో, పిలుపొచ్చింది! ఎవరు పంపారో ఏమో, బొట్టొచ్చాక వెళ్ళకపోతే ఎలా అని చీర మార్చుకుని దాని వెనకాల బయల్దేరింది. మిరియం ఊరుకుంటుందా, గున్నయ్య ఇంటికి పోయింది. అక్కడ దానికి చేప తల దొరుకుతుంది మరి. గున్నయ్య తలుపు తీస్తే ఎదురుగా పేరమ్మ! పిలవడానికి తనే వచ్చిందనుకుని, పొంగిపోయి భుజాన తువ్వాలేసుకున్నాడు. ముందు మిరియం, మిరియం వెనక పేరమ్మ, పేరమ్మ వెనక గున్నయ్య. మూడో ఇల్లు నూకాలుది. ఇద్దరొచ్చి పిలిచారే అని ఆవిడ కళ్ళనీళ్ళే పెట్టుకుంది. ముందు మిరియం, మిరియం వెనక పేరమ్మ, పేరమ్మ వెనక గున్నయ్య, గున్నయ్య వెనక నూకాలు. ఏమే శ్రీవల్లీ, నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు.

పొట్ట నిండాక మిరియం ఎక్కడికి పోతుంది? వరాలు దగ్గరికే! పేరంటమనుకుని వచ్చినవాళ్ళకి ఏమి కనపడిందీ? ఒక్క పిల్ల, ఏతమెక్కి తొక్కి, దిగి, పరుగెత్తి, జారి పడి, మళ్ళీ లేస్తోంది. చేతులనిండా నెత్తురు. పేరమ్మ పరుగెత్తుకెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. ఓసి నీ మొండితనం తగలెయ్యా, మమ్మల్ని పిలవకూడదుటే అని తిట్టింది. గున్నయ్య తువ్వాలు నడుముకి బిగించి ఏతమెక్కాడు. పేరమ్మ బాన పట్టుకుంది. నూకాలు కాలవలో దిగింది. మిట్టమధ్యాహ్నానికి మడి నిండింది. అది నిండగానే గున్నయ్యది, గున్నయ్యది అవగానే పేరమ్మది, తరవాత నూకాలుది.

సాయంత్రం అందరూ వరాలు ఇంటికెళ్ళేసరికి అత్తగారు గుడ్లురిమింది. నేనెవర్నీ పిలవలేదత్తా అంది వరాలు. అత్తగారు బొట్టు పెట్టుకున్న మిరియాన్ని చూసింది. ముందు నవ్వింది, తరవాత భోరుమంది. మాటాడే మనిషి లేక పిచ్చెక్కిపోతోందర్రా నాకు అని పేరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పౌర్ణమికి రాజుగారి మనిషి వచ్చి చూస్తే నాలుగు మడులూ పచ్చగా ఉన్నాయి. వచ్చిన దారినే పోయాడు. ఎవ్వరూ బండెక్కలేదు.

తెలిసిందా? ముందు వాళ్ళు, ముందు వాళ్ళు అని కూచుంటే మడి ఎండిపోతుంది. పండూ, మన మేడమీద కొత్తగా దిగారే, ఆ పిల్లాడు పొద్దుటినించీ పిట్టగోడ దగ్గర నిలబడి మీ ఆట చూస్తున్నాడు. నువ్వేమో వాడే రావాలన్నావుట? రేపు పొద్దున్న నువ్వే వెళ్ళి పిలు. లేదంటే నీ నుదుట బొట్టు పెట్టి నేనే పంపిస్తాను! కథేమో కంచికి బయల్దేరింది, ఇక మీరు దుప్పట్లోకి బయల్దేరండి.