కెజియాను చెప్పనివ్వండి

పొద్దుగుంకే దిక్కున, అమెరికా పడమటి సీమలో, ఎటు చూసినా గడ్డే ఉన్న రోజుల మాట ఇది. మా తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన మాట.

కెజియా అనే పిల్ల ఉండేది. అమ్మానాన్నలు లేరు. అన్న సైలస్‌తో కలిసి బళ్ళ గుంపు వెంట పడమరకు బయల్దేరింది. అందరి బట్టలూ ఉతికేది, పెట్టింది తినేది.

ఒకనాడు ఏటి ఒడ్డున ఉతుకుతుంటే, ఆ గడ్డి మైదానాల్లో తరతరాలుగా ఉంటున్న తెగవాళ్ళు, మైదానాల వాళ్ళు, గుర్రాల మీద వచ్చి ఎత్తుకుపోయారు. బళ్ళ వాళ్ళ వెంట వచ్చిన మశూచికి కూతుర్ని పోగొట్టుకున్న ముసలామె ఒకతి వాళ్ళలో ఉంది. ఈ పిల్లను నాకివ్వండని అడిగి తీసుకుంది.

మొదటి చలికాలం కెజియా ఏడ్చింది. రెండో చలికాలం వాళ్ళ మాట నేర్చింది. మూడో చలికాలం ముసలామెను అమ్మా అని పిలిచింది.

మంచు కరిగాక సైలస్ సిపాయిలను వెంటబెట్టుకొచ్చాడు. తుపాకులు చూసి మైదానాల వాళ్ళు ఆమెను అప్పగించారు. ముసలామె ఆమెకు దుప్పటి కప్పి పక్కకు తప్పుకుంది.

ఏరు దాటాక సిపాయిల పెద్ద అడిగాడు. "అమ్మాయీ, వాళ్ళు నిన్ను బాధపెట్టారా?"

"పెట్టకుండా ఉంటారా?" అన్నాడు సైలస్.

"కొట్టారా?"

"కొట్టే ఉంటారు."

"నీకు ఇంటికి రావాలనే ఉందా?"

"ఇంకేం ఉంటుంది?"

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అన్నే జవాబిచ్చాడు. కెజియా నోరు తెరవబోయింది గాని, తన కోసం అన్న ఎన్ని కొండలు తిరిగాడో తలుచుకుని ఊరుకుంది.

ఆ మాటలు పట్టుకుని సిపాయిలు వెనక్కి వెళ్ళి గుడారాలు తగలబెట్టారు. పొగ చూశాకే కెజియాకు గొంతు పెగిలింది. ఆమె మా అమ్మ, ఆమె మా అమ్మ అంటూ ఏట్లో పడి పరిగెత్తింది. వెళ్ళేసరికి బూడిదే మిగిలింది. ముసలామె బతికి వెళ్ళిందో, కాలిపోయిందో చెప్పేవాళ్ళు లేరు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు వెనకే వచ్చిన సైలస్, బూడిదలో కూలబడి.

"నువ్వు నన్ను అడగలేదు, అన్నా" అంది.

కెజియా ఇంకెక్కడికీ పోలేదు. ఆ ఏరు దాటే రేవులోనే గుడిసె వేసుకుని, బట్టలుతికి బతికింది. ఏరు దాటేవాళ్ళలో దిక్కులేని పిల్లో, పట్టుకొచ్చిన మనిషో, కొత్త పెళ్ళికూతురో కనబడితే ఎదురుగా కూర్చుని, నీకెక్కడికి పోవాలనుందని అడిగేది. జవాబు వచ్చేదాకా లేచేది కాదు. అలా అడుగుతూనే ముసలిదైంది, పోయింది.

ఇప్పటికీ మా రేవులో ఒకరిని అడిగితే ఇంకొకరు జవాబు చెప్పరు. ఎవరైనా తొందరపడితే పెద్దవాళ్ళు చెయ్యెత్తి, "కెజియాను చెప్పనివ్వండి" అంటారు. అప్పుడందరూ ఊరుకుంటారు. ఎంతసేపైనా సరే, ఆగుతారు.