పైడమ్మ కుడికాలు

గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు మేఘశ్యామ్‌కు ఎప్పుడూ నెత్తుటి ధ్యాసే. బైపాస్ చేసేటప్పుడు కాలి నుంచి తీసి గుండెకు కుట్టిన సిర, కొందరికి కొన్నేళ్లకు లోపల దళసరెక్కి మూసుకుపోతుంది. ఎవరికలా అవుతుందో ముందే తెలిస్తే ప్రాణం నిలబెట్టవచ్చు. ఆ జాడ నెత్తుటిలో ఉంటుందని అతని నమ్మకం. పాత రోగులను పిలిపించి నెత్తురు తీసి పరీక్షలు చేసేవాడు. కొన్ని గుర్తులు చిక్కాయి కూడా. దాంతో నడకలో కాస్త బిగువు వచ్చింది.

ఒకనాడు గురువు సన్యాసిరావుగారు ఆపరేషన్‌కు చేతులు కడుక్కుంటుంటే పక్కన చేరాడు.

"సార్, వాపును చెప్పే గుర్తులున్నాయి, గడ్డకట్టడాన్ని చెప్పేవీ ఉన్నాయి. సిర చెడుతోందని అన్నిటికన్నా ముందు చెప్పేది ఏదంటారు?"

"ఇవాళ సిర నువ్వు తియ్యి" అన్నారాయన.

శిష్యుడి మొహం చిన్నబోయింది. అది చిన్న డాక్టర్లకు వదిలేసే పని. అయినా లోపలికి నడిచాడు.

బల్ల మీద ఉన్నది పైడమ్మ, జనపనార మిల్లులో పనిచేసే మనిషి. "తల్లిలేని మనవరాలు బాబూ, అది ఎదిగేదాకా నన్నుంచండి" అని పొద్దున్నే దణ్ణం పెట్టింది.

ఎడమకాలు కోసి సిరను చకచకా తీశాడు. ఎక్కడైనా కారుతుందేమో చూడాలి గనక ఒక కొస బిగించి, సిరంజితో ఉప్పునీరు ఎక్కించాడు. సిర నిండింది. ఇంకా నొక్కాడు. బిర్రబిగిసి తెల్లగా మెరిసింది.

"చుక్క కారలేదు సార్!"

సన్యాసిరావుగారు దాన్ని రెండు వేళ్ల మధ్య తడిమి, పారేసే పళ్లెంలో పడేశారు.

"కుడికాలు."

"అదేంటి సార్, బాగానే ఉంది కదా?"

"అంత గట్టిగా నొక్కితే లోపలి పొర చిట్లిపోయినా పైకి బాగానే ఉంటుంది. నమ్మకపోతే కుట్టేద్దాం. అయిదేళ్లకో పదేళ్లకో ఈవిడ నెత్తురే నీకు చెబుతుంది."

మేఘశ్యామ్ కుడికాలు కోశాడు. ఈసారి నీళ్లు ఎక్కించిన చెయ్యి ఊపిరి బిగబట్టినట్టు కదిలింది. గురువు ఆ సిరను అందుకుని గుండెకు కుట్టారు.

బయటికి వచ్చాక ఒక్కమాటే అన్నారు. "ఆ కాళ్లకు కట్లు రోజూ నువ్వే మార్చు."

పైడమ్మ లేచి కూర్చోగలిగిన రోజున దుప్పటి తొలగించి చూసుకుంది.

"ఏటి బాబూ, ఒక్క కాలే కోస్తామన్నారు గదా! రెండూ కోసీసినారేటి? నా గుండెకి అంత పొడుగు నరం కావాల్సొచ్చిందా?"

పక్కనున్న నర్సు నవ్వింది. అవునంటే సరిపోయేది. అతను చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"లేదమ్మా. మొదట తీసింది నా చేతిలో పాడైంది. గట్టిగా నొక్కేశాను."

పైడమ్మ అతణ్ని ఎగాదిగా చూసింది. కోపం వచ్చింది, పోయింది.

"కొత్తా బాబూ?"

"అవునమ్మా" అన్నాడు మేఘశ్యామ్. వంగి, నొప్పి తగలకుండా, మెల్లగా కట్టు విప్పసాగాడు.