వాగుకు అవతలి గూడెం

పూర్వం ఒక రాజ్యంలో, రాజముద్ర పడిన ఉత్తర్వు లేనిదే కొండగూడేల వాళ్లు ఏ పనీ మొదలుపెట్టకూడదని మంత్రి శాసనం చేయించాడు. పెత్తనం వాళ్ల చేతికిస్తే రేపు వేరే రాజ్యం అడుగుతారని ఆయన భయం.

ఒకసారి రాజు, మంత్రి ఏడాది పొడవునా ఛాతీలోతు పారే వాగును గుర్రాల మీద దాటి కొండల్లోకి వేటకు వచ్చారు. ఇంతలో పెద్ద వాన కురిసి వాగు పొంగింది. వంతెన నిరుడే కూలిపోయింది. ఇద్దరూ గూడెంలో చిక్కుబడ్డారు.

"వెంటనే వంతెన కట్టండి!" అన్నాడు రాజు.

గూడెం పెద్ద సోమిలమ్మ చేతులు జోడించింది. "దుంగలు కొట్టి ఉంచాం మహారాజా. ఉత్తర్వు కోసమే చూస్తున్నాం."

"నేనే చెబుతున్నాను కదా!"

"నోటిమాట చెల్లదని శాసనంలో ఉంది. ముద్ర కావాలి. అదేమో కోటలో ఉంది, కోట వాగుకు అవతల ఉంది."

మంత్రి మండిపడ్డాడు. "చూశారా ప్రభూ, ఈ పొగరు! వీళ్లకు అధికారమిస్తే విడిపోరూ?"

"విడిపోయి ఏడాదైంది మంత్రిగారూ," అంది సోమిలమ్మ నెమ్మదిగా. "వంతెన కూలాక మా పసుపు మీ సంతకు రాలేదు, మీ ఉప్పు మా గూడేనికి రాలేదు. అధికారం మా చేతిలో ఉంటే మర్నాడే వంతెన కట్టి మీతో కలిసేవాళ్లం."

రాజు పొంగుతున్న వాగుకేసి చూశాడు. "ఆ శాసనం రద్దు. ఇకనుంచి మీ కొండల మంచిచెడ్డలు మీరే చూసుకోండి."

"ముద్ర లేకుండా రద్దు ఎలా ప్రభూ?" అన్నాడు మంత్రి.

"అయితే ఈదుకుంటూ వెళ్లి తీసుకురండి."

మంత్రి వాగు గట్టు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

పొద్దుగూకేలోగా వంతెన లేచింది. రాజు దాటాడు. ఆయన వెనకే పసుపు బస్తాలు మోసుకుంటూ గూడెమంతా సంతకు బయలుదేరింది.